ఆ పూట అందరి పాస్‌వర్డూ ఒకటే

పెద్దాయన ఇల్లు, వంటగది
ఆయన కునుకు తీస్తున్న వేళ

ఒరేయ్ తమ్ముడూ,

ఫోను చేస్తే ఎత్తవు, ఎత్తితే "మీటింగులో ఉన్నానక్కా" అంటావు. మీ ఆఫీసులో ఉన్నది నువ్వూ, మేడమూ, ఫోన్లెత్తే అమ్మాయీ. ముగ్గురికి ఇన్నేసి మీటింగులేమిట్రా? అందుకే కాగితం పట్టుకున్నాను. దీన్నైతే మధ్యలో కట్ చెయ్యలేవు.

ముందు నువ్వు చేసిన ఉపకారం సంగతి. మా నర్సుల సంఘంలో పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్ళు సభ్యత్వ కార్డు పట్టుకుని మీ ఊరొచ్చి, మీ ఆఫీసు కిటికీ ముందు నిలబడాలని రూలు. ఒక రోజు పని పోగొట్టుకోవడం ఇష్టంలేక "నువ్వే లోపల్నుంచి మార్చెయ్యరా" అని అడిగాను, మార్చేశావు. బాగానే ఉంది. కానీ కొత్త పాస్‌వర్డ్ ‘అక్కకోపం’ అని పెడతావా? కనిపించు, దానికి అర్థం చెబుతాను.

ఇక ఆ మర్నాడు పొద్దున్న జరిగింది విను. మా హోమ్ నర్సులం రోజూ పొద్దున్నే మీ సైటు తెరిచి, ఎవరి పేషెంటు పేరు పక్కన వాళ్ళం ‘వస్తున్నాను’ అని నొక్కాలి కదా. వేళకి నొక్కకపోతే ఆ పేరు ఎర్రగా మారుతుంది, ఖాళీగా ఉన్నవాళ్ళెవరైనా తీసుకోవచ్చు. తీసుకుంటే ఆ పేషెంటు ఇక వాళ్ళకే. నేను చూసే నాలుగో అంతస్తు ముసలమ్మ ఆసుపత్రిలో చేరింది కాబట్టి ఆ రోజు నేను ఖాళీ. సైటు తెరిచి చూస్తే పైనుంచి కింది దాకా ఎరుపే. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నొక్కలేదు. అందులో మా ‘రేడియో’ అక్క చూసుకునే పెద్దాయన పేరు కూడా ఉంది.

రేడియో ఎవరో నీకు చెప్పాను. నేను ఈ పనిలో కొత్తగా చేరినప్పుడు, మంచాన పడ్డ మనిషిని నొప్పి తెలియకుండా పక్కకి ఎలా తిప్పాలో చెయ్యి పట్టుకుని నేర్పినావిడ. నోరు మూతపడదు కాబట్టి అందరం ఆ పేరు పెట్టాం. ఆవిడ నొక్కలేదంటే ఒంట్లో బాగాలేదేమో, పక్షవాతం మనిషి తడిపక్క మీదే పడి ఉంటాడే అనిపించి నేను నొక్కేశాను. ఆయన ఇల్లు మా వీధి చివరే. వెళ్ళి ఒళ్ళు తుడుస్తుంటే గుమ్మంలో రేడియో గొంతు.

"సైటు తెరుచుకోలేదమ్మా. పెద్దాయన ఎదురుచూస్తాడని నడిచొచ్చేశాను" అంటోంది.

పెద్దాయన కోడలుగారు ఫోను చూసుకుని, "ఇందులో మీ పేరు లేదండీ. ఇంకో ఆవిడ వచ్చేసింది" అన్నారు.

రేడియో లోపలికి తొంగి చూసింది. తడిగుడ్డతో నేను కనపడ్డాను. ఎప్పుడూ ఆగని నోరు ఆ పూట ఆగిపోయింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు ఇంకో వింత. అందరికీ తెరుచుకుంది, నాకు తెరుచుకోలేదు. నిన్న నా ఒక్కదానికే తెరుచుకుని ఇవాళ నా ఒక్కదానికే మూసుకుంటే ఏమనుకోవాలి నేను? అప్పుడొక్కసారి ఫోనెత్తి మళ్ళీ మార్చిపెట్టావు. రెండోసారి మార్చేటప్పుడు నువ్వు నవ్వలేదురా. అసలక్కడ ఏమైంది?

మీ అక్క

*

ఆఫీసు, మెట్ల పక్క గది
మంగళవారం

అక్కా,

ఉత్తరం అందింది. నీ అక్షరాలు ఇంకా ఒకదాని భుజమ్మీద ఒకటి ఎక్కుతూనే ఉన్నాయి.

ఇక్కడ ఏమీ కాలేదు. సర్వరు మొరాయించింది, అంతే. అలాంటప్పుడు అది కొందర్ని లోపలికి రానిస్తుంది, కొందర్ని రానివ్వదు. నీ పాస్‌వర్డ్ అప్పుడే మార్చాం కాబట్టి దాన్ని గుర్తుపట్టినట్టుంది. మధ్యాహ్నానికల్లా సరిచేశాను. మేడంకి కూడా ఇదే చెప్పాను. ఆవిడ మంచిగా ఆలోచించి, ఆ పూట నొక్కలేకపోయినవాళ్ళెవరికీ గైర్హాజరు పడకుండా చూశారు. ఎవరి పేషెంటు వాళ్ళకే ఉన్నాడు. మీ పెద్దాయన దగ్గరికి మాత్రం ఇంకో మనిషి వెళ్ళింది కాబట్టి, దాన్ని మామూలు మార్పిడి కింద జమకట్టారు. అలాంటిది అదొక్కటే.

నువ్వు మంచికే వెళ్ళావు. ముసలాయన తడిలో ఉండిపోకుండా చూశావు. ఆవిడ నాలుగు రోజులు మూతి ముడుచుకుని తర్వాత తనే మాట్లాడుతుంది. రేడియో ఎంతకాలం మోగకుండా ఉంటుంది?

ఒక్క మాట. నీ పాస్‌వర్డ్ నేను లోపల్నుంచి మార్చానని ఎవరితోనూ అనకు. రూలు కాదు కదా, అందుకని. అంతకుమించి ఏం లేదు.

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మందు రాస్తున్నావా, సీసా అలమారలో పెట్టి మరిచిపోయావా? మేడం ఈ గదికి కొత్త ఫ్యాను వేయించారు. గాలి బాగానే వస్తోంది గానీ కాగితాలన్నీ లేచిపోతున్నాయి. ఫోనెత్తనందుకు ఏమనుకోకు. నిజంగానే పని ఎక్కువగా ఉంది.

నీ తమ్ముడు

*

ఇల్లు, కిటికీ దగ్గర
ఆదివారం మధ్యాహ్నం

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఫ్యాను గురించి అంత వివరంగా ఎప్పుడు రాస్తావో నాకు తెలుసు. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చిన రోజు కూడా బడి గోడకి వేసిన రంగు గురించి పూటంతా చెప్పావు.

రేడియో నాలుగు రోజులకి మాట్లాడలేదు. నెల కావస్తోంది. బస్టాపు దగ్గర మా వాళ్ళంతా కూర్చునే బల్ల ఉంది చూడు, నేను వెళ్ళగానే అక్కడ అందరికీ ఏవో పనులు గుర్తొస్తాయి. నిన్న ఒకావిడ మొహం మీదే అంది: "నీకేమమ్మా, తమ్ముడు లోపలున్నాడు. మాకు తాళం వేసి నీకు తలుపు తీశాడు." నేను ఒళ్ళు మండి, "సర్వరు మొరాయించింది, కావాలంటే ఆఫీసుకి ఫోను చేసి కనుక్కో" అన్నాను. ఆవిడ నవ్వి, "ఆఫీసులో ఫోనెత్తితే మీ తమ్ముడే కదా చెప్పేది" అంది.

ముసలమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. నేను పెద్దాయనకి కుదురుకున్నాను కాబట్టి, ఖాళీగా ఉన్న రేడియోకి ఆ ముసలమ్మని ఇచ్చారు. రెండు బస్సులు మారి, లిఫ్టు లేని నాలుగో అంతస్తు. ఆవిడ నాకంటే ఎంత పెద్దదో నీకు తెలుసు. మొన్న బస్సులోంచి చూశాను. మెట్లెక్కే ముందు గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. నేను తల తిప్పేసుకున్నాను.

నేనేమీ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆఫీసుకి ఫోను చేసి, పెద్దాయనని ఆవిడకే తిరిగి ఇచ్చెయ్యమని అడిగాను. రూలు ఒప్పుకోదన్నారు. కోడలుగారు కూడా నేనే కావాలంటున్నారు, నేను ఎక్కువ మాట్లాడనని.

అందుకే సూటిగా అడుగుతున్నాను. ఆ పూట నా ఒక్కదానికే ఎలా తెరుచుకుందిరా? ఈసారి ఫ్యాను గురించి రాయకు.

మీ అక్క

*

నా గది
శనివారం

అక్కా,

సర్వరు మొరాయించలేదు. నేను చేశాను.

ఎలా జరిగిందో నీకు అర్థమయ్యేలా చెబుతాను, ఇప్పటిదాకా నాకు నేను తప్ప ఎవరికీ చెప్పలేదు. సభ్యులందరి పాస్‌వర్డ్‌లూ ఒక పెద్ద పట్టికలో వరసగా ఉంటాయి. ఉన్నవి ఉన్నట్టు ఉండవు. మరలో వేసి పిండి చేసినట్టు గుర్తుపట్టలేకుండా చేసి దాస్తాం. పిండి చూసి గింజ ఎలా ఉండేదో నేను కూడా చెప్పలేను. ఒకరి పాస్‌వర్డ్ మార్చాలంటే రెండు వరసలు రాసి యంత్రానికి ఇవ్వాలి. పై వరసలో ‘పాస్‌వర్డ్ ఇలా మార్చు’ అని ఉంటుంది. కింది వరసలో ‘ఫలానా మనిషిది’ అని ఉంటుంది. రెండూ కలిపి మౌస్‌తో గీసి నడపాలి, గీసినంత వరకే యంత్రం చదువుతుంది.

నువ్వు ఫోను చేసిన సాయంత్రం మేడం లేచి ఇంటికెళ్ళబోతున్నారు. ఆవిడ నా వెనక నుంచి వెళ్ళేలోపు పని అయిపోవాలి. ‘అక్కకోపం’ అని రాసి నాలో నేనే నవ్వుకుంటున్నాను. రెండు వరసలూ రాశాను. మౌస్‌తో గీసింది పై వరస ఒక్కటే. ఎవరిదో చెప్పకుండా ‘మార్చు’ అంటే యంత్రం ఏం చేస్తుంది? అందరిదీ మార్చింది. ఎంతమందిది మారిందో తెరమీద అంకె పడింది. ఒకటి ఉండాల్సిన చోట మన సభ్యులందరూ ఉన్నారు. ఆ అంకె నేను చూడలేదు. మేడం "వెళ్ళొస్తానయ్యా" అంటే తెర మూసేసి లేచి నిలబడ్డాను.

అంటే ఆ పొద్దున్న మన నర్సులందరి పాస్‌వర్డూ ‘అక్కకోపం’. అది తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే. అందుకే నీకొక్కదానికే తెరుచుకుంది.

పొద్దున్నే ఫోన్లు ఆగకుండా మోగుతుంటే అప్పుడు అర్థమైంది. మామూలుగా రోజూ రాత్రి ఒక కాపీ తీసి పెట్టుకుంటాం. గబగబా దాన్ని తెరిస్తే అందులోనూ తప్పే ఉంది, అప్పటికే చెడగొట్టేశాను కదా. అంతకు ముందు రాత్రిది తీసి, సభ్యుల నంబర్లతో జతచేసుకుంటూ పాత పాస్‌వర్డ్‌లన్నీ మళ్ళీ వాటి వాటి చోట్ల పెట్టాను. అందులో నీది కూడా పాతదే, నువ్వు మరిచిపోయినదే వచ్చి కూర్చుంది. అందుకే మర్నాడు నీకు తెరుచుకోలేదు. రెండోసారి నీది మార్చేటప్పుడు ముందు కింది వరస రాసి, తర్వాత పైది రాశాను. నవ్వలేదని నువ్వు పట్టేశావు.

మేడం వచ్చి "ఏమైందయ్యా?" అన్నారు. "సర్వరండీ" అన్నాను. ఆ మాట నేను ఆలోచించి చెప్పింది కాదు. నోట్లోంచి అదే వచ్చింది. ఆవిడ నమ్మారు, పాపం ఇంతసేపు కష్టపడ్డావని టీ తెప్పించారు. ఆ టీ తాగాను.

అన్నీ మునుపటిలా అయిపోయాయి, నీ పేరూ రేడియో పనీ తప్ప. ఈ రెండూ ఏ కాపీలోనూ లేవు. అద్దంలో మొహం చూసుకోవాలంటే సిగ్గుగా ఉంది. నన్నేం చెయ్యమంటావో చెప్పు. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను.

నీ తమ్ముడు

*

పెద్దాయన ఇల్లు
బుధవారం

తమ్ముడూ,

చదివాను. చించేశాను.

నువ్వేమీ చెయ్యొద్దు. ఎవరికీ చెప్పొద్దు. ఉద్యోగం పోతే మళ్ళీ దొరకడం ఎంత కష్టమో నీకు తెలియనిది కాదు. ఎవరూ చావలేదు, ఎవరి సొమ్మూ పోలేదు. అయిందేదో అయింది. జనం నోళ్ళు కొన్నాళ్ళకి వాటంతటవే మూతపడతాయి. నన్ను నాలుగు మాటలన్నంత మాత్రాన నా ఒళ్ళేం అరిగిపోదు.

పెద్దాయన నాకు అలవాటు పడ్డాడు. కుడిచేత్తో నా వేలు పట్టుకుంటున్నాడు. కోడలుగారు పొద్దున టీ ఇస్తున్నారు. ఇప్పుడు మళ్ళీ మనుషుల్ని మారిస్తే ఆయనకే ఇబ్బంది. ఆ సంగతి కూడా ఆలోచించు.

ఇంక ఈ విషయం రాయకు.

మీ అక్క

*

ఆఫీసు, కిటికీ దగ్గర
శుక్రవారం, భోజనాల వేళ

అక్కా,

రాయొద్దన్నావు. క్షమించు, రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి ముందు ఊపిరి పీల్చుకున్నాను. నాకు కావలసింది అదే కదా, ఎవరో ఒకరు నోరు మూసుకోమనడం. రెండు వారాలు హాయిగా నిద్రపోయాను కూడా. ఆ తర్వాత ఫోన్లెత్తే అమ్మాయి సెలవు పెడితే నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టారు.

ఒక పెద్దావిడ కార్డు పట్టుకుని వచ్చింది. మీ నర్సుల్లోనే ఒకావిడ. పాస్‌వర్డ్ కొడితే సైటు తెరుచుకోవడం లేదట. చూస్తే నాకు అర్థమైంది. నేను చెడగొట్టిన రోజే, పొద్దున, ఆవిడ ఇక్కడికే వచ్చి కొత్త పాస్‌వర్డ్ పెట్టించుకుంది. నేను వెనక్కి తెచ్చిన కాపీ అంతకు ముందు రాత్రిది. అందులో ఆవిడ పాతదే ఉంది. ఆవిడేమో కొత్తది కొడుతోంది. ఇన్నాళ్ళూ పక్కింటి పిల్ల సాయంతో తంటాలు పడి, పాతవి ఒక్కొక్కటీ కొట్టి చూసి, ఏదైనా కుదిరిన రోజు నొక్కుతోందట. "ఈమధ్య మతిమరుపు వస్తోంది బాబూ. ఇక్కడ కూర్చుని పెట్టించుకున్నది కూడా గుర్తుండటం లేదు" అంది. తలమీద చిన్నగా కొట్టుకుంది.

నేను "ఫరవాలేదండీ, అందరికీ ఉండేదే" అన్నాను.

అక్కా, అంత మాట అన్నాను. ఆవిడ బుర్ర బాగానే ఉందని తెలిసి, నా తప్పుని ఆవిడ నెత్తిన పెట్టి, పైగా ఓదార్చాను. ఆవిడ నాకు థాంక్స్ చెప్పి వెళ్ళింది. ఆ సర్వరు అబద్ధం నోరుజారి వచ్చిందని సర్ది చెప్పుకున్నాను గానీ ఇది నోరుజారడం కాదు.

నిన్న రేడియో వచ్చింది. మనిషి సగమైంది. పెద్దాయన కాకపోయినా ఫరవాలేదు, మెట్లు లేని ఇల్లు ఏదైనా ఉంటే చూడమని అడగడానికి వచ్చింది. నేను నీ తమ్ముణ్ణని ఆవిడకి తెలుసు. ఆ సంగతి ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు "అక్కని అడిగానని చెప్పు" అంది. అంతే.

ఆవిడ వెళ్ళాక, నీ విన్నపం ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని మేడంనీ, ఇవాళ పొద్దున ఫోన్ల అమ్మాయినీ అడిగాను. నువ్వు అడగనే లేదట. పెద్దాయనని తిరిగి ఇచ్చెయ్యమని నువ్వు ఫోనూ చెయ్యలేదు, కబురూ పెట్టలేదు. "మీ అక్క అడిగి ఉంటే ఎందుకివ్వం? ఇద్దరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చని రూలు ఉందిగా" అన్నారు మేడం.

నేను నిన్ను నిలదియ్యడానికి ఇది రాయడం లేదు. నాకా ముఖం లేదు. సోమవారం మేడంకి నిజం చెప్పేస్తాను. నువ్వు ఒద్దన్నా చెప్పేస్తాను. ముందుగా నీకు తెలియాలని రాశాను.

నీ తమ్ముడు

*

ఇల్లు
ఆదివారం

తమ్ముడూ,

అవును, అడగలేదు.

మొదటి రోజు అడుగుదామనే ఫోను చేతిలోకి తీసుకున్నాను. కాస్త ఆగుదాం, టీ తాగి చేద్దాం అనుకున్నాను. ఆ టీ కోడలుగారు ఇచ్చింది. వీధి చివరి ఇల్లు, మెట్లు లేవు, బస్సు లేదు, పని అయ్యాక పగలే ఇంటికి వచ్చి కాళ్ళు చాపుకోవచ్చు. నా మోకాళ్ళు ఎలా ఉంటున్నాయో నీకు ఎప్పుడూ నిజం చెప్పలేదు. ఆ నాలుగు అంతస్తులు దిగి వచ్చేటప్పుడు మెట్టు మెట్టుకీ కూర్చునేదాన్ని. ఎవరైనా వస్తే చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు నటించేదాన్ని. అందుకే రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ వచ్చాను. ఆవిడ గోడకి చెయ్యి ఆనించుకుని నిలబడ్డ రోజు కూడా అడగలేదు. నీకేమో అడిగానని రాశాను.

తర్వాత నువ్వు తప్పు నీదేనని రాశావు. నిజం చెప్పనా? కోపం రాలేదు. తేలికపడ్డాను. నువ్వు నోరు మూసుకుంటే నా సుఖం నాకు ఉంటుంది, పైగా తమ్ముడి ఉద్యోగం కోసం మాటలు పడుతున్న అక్కనని నన్ను నేను మెచ్చుకోవచ్చు. నీ ఉద్యోగం పేరు చెప్పి నా మోకాళ్ళు కాపాడుకున్నాను. ఈ ముక్క రాయడానికి పొద్దున్నుంచి ఎన్ని కాగితాలు పాడుచేశానో.

వెళ్ళి చెప్పు. అడ్డదారిన మార్చమని నిన్ను అడిగింది నేనని కూడా చెప్పు. అది దాస్తే నేను ఊరుకోను. నేను అడగకపోతే నువ్వు ఆ వరసలు రాసేవాడివే కాదు.

రేడియోకి నేనే చెప్పాలి. దానికి నాకు ఇంకా ధైర్యం చాలడం లేదు.

మీ అక్క

*

ఆఫీసు, ఫోన్ల బల్ల
గురువారం

అక్కా,

చెప్పేశాను. ఉద్యోగం పోలేదు, ఎందుకు పోలేదో నాకే తెలియదు.

మేడం ముందు ఒక్కటే అడిగారు. అందరి పాస్‌వర్డూ ఒకటైన ఆ పూట ఎవరైనా ఇంకొకరి ఖాతాలోకి వెళ్ళారా అని. ఎవరూ వెళ్ళలేదు, అది తెలిసినది నీకొక్కదానికే, నువ్వు నీ ఖాతాలోకే వెళ్ళావు. ఆ మాట చెప్పాక చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తిట్టలేదు. "వరస గియ్యడం మరిచిపోయినందుకు నిన్నేమీ అననయ్యా. నేను ఇంతమందికి ఫోను చేసి సర్వరు, సర్వరు అని చెప్పాను. నా చేత అబద్ధం ఆడించావు చూడు, అది మాత్రం నాకు ఎక్కడో గుచ్చుకుంది" అన్నారు. ఆవిడ అరిచి ఉంటే బాగుండేది.

ఆ పట్టిక ముట్టుకునే అధికారం నాకు తీసేశారు. ఇకమీద ఎవరు ముట్టుకున్నా పక్కన రెండో మనిషి కూర్చుని రెండు వరసలూ చూడాలట. నాకు వేసిన శిక్ష ఇంకోటి. సభ్యులందరికీ నేనే, నా గొంతుతోనే, ఒక్కొక్కరికీ ఫోను చేసి జరిగింది చెప్పాలి. నీ పేరు కూడా చెప్పి, నీకేమీ తెలియదని చెప్పాలి. నువ్వు చెప్పమన్నట్టే, అడ్డదారిన మార్చమని నువ్వు అడిగిన సంగతి కూడా కలిపి చెబుతున్నాను.

సోమవారం నుంచి అదే పని. కొందరు తిట్టారు, వాళ్ళు నయం. ఒకావిడ నవ్వి, "ఇప్పుడు ఫోను చేసింది మళ్ళీ మార్చడానికా నాయనా?" అంది. బస్టాపు బల్ల దగ్గర నిన్ను అన్నావిడ "అయ్యో, నేను మీ అక్కని నానా మాటలూ అన్నానే" అని ఏడ్చేసింది. నేను ఓదార్చలేకపోయాను.

మతిమరుపు అనుకున్న పెద్దావిడ నంబరు చివర్లో పెట్టుకున్నాను. చివరకి అది కూడా వచ్చింది. అంతా విని, రెండుసార్లు మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత, "మా అబ్బాయి నన్ను తలకి ఫోటో తీసే చోటికి తీసుకెళ్ళాడు బాబూ. స్టవ్వు దగ్గరికి వెళ్ళొద్దంటున్నాడు. నువ్వు చెప్పిన ఈ మాట వాడికి చెబుతావా?" అంది. ఆ అబ్బాయికి కూడా చేశాను. అతను ఏమన్నాడో రాయను, అనడానికి హక్కుంది.

రేడియోకి మేడం పక్కన కూర్చుని చేశాను. అంతా విన్నది. "సరే బాబూ. పెద్దాయన దగ్గరికి ఎప్పట్నుంచి వెళ్ళమంటారు?" అంది. వచ్చే సోమవారం నుంచి ఆవిడే. ముసలమ్మ నీకు.

నువ్వు ఆఫీసుని అడగలేదన్న ముక్క మాత్రం ఆవిడకి చెప్పలేదు. అది నేను చెప్పాల్సింది కాదు.

నీ తమ్ముడు

*

ఇల్లు
సోమవారం

తమ్ముడూ,

ఇవాళ అప్పగించాను.

ఆవిడ కంటే ముందే వెళ్ళి కూర్చున్నాను. నీ ఫోను వల్ల ఊళ్ళో నా పేరు బాగుపడింది. దారిలో ఇద్దరు ఆపి మరీ పలకరించారు, ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. నాకు ఆ చెయ్యి లాక్కోవాలనిపించింది. వాళ్ళు మంచిదాన్ననుకుంటున్నది నన్ను కాదు.

రేడియో వచ్చింది. నా మొహం చూడలేదు. తిన్నగా మంచం దగ్గరికి వెళ్ళి పెద్దాయనని పక్కకి తిప్పి, వీపంతా చేత్తో తడిమి చూసింది. ఎక్కడా పుండు లేదు. దుప్పటి సర్దింది. ఇదే అదననుకుని, నేను కూడబలుక్కుని వచ్చినది చెప్పాను. "అక్కా, నిన్ను తిరిగి పెట్టమని ఆఫీసులో అడిగానని మా తమ్ముడితో అన్నాను. అడగలేదు. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి, ఆ మెట్లు ఎక్కలేక అడగలేదు. నువ్వు ఎక్కుతుంటే చూశాను. చూసి కూడా అడగలేదు." అంతే, అంతకంటే మంచిగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆవిడ పెద్దాయన గోళ్ళు ఒక్కొక్కటీ చూసింది. తిడుతుందని కాచుకుని నిలబడ్డాను. తిడితే కాళ్ళమీద పడదామనుకున్నాను.

"మోకాళ్ళు నొప్పులని నాతో ఒక్క మాట అంటే, ఈయన్ని నువ్వే ఉంచుకోమని నేనే అనేదాన్ని కదే" అంది. కోపం లేదు ఆ గొంతులో. మామూలుగా, పక్క తిప్పడం నేర్పిన రోజు ఎలా చెప్పిందో అలాగే చెప్పింది. చెప్పి, గిన్నెలో నీళ్ళు పోసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

నువ్వు ఎంతమందికి ఫోను చేశావో, ఎన్ని తిట్లు తిన్నావో, నాకు అన్ని లేవురా. నాకున్నది ఆ ఒక్క మాటే. తిట్టి ఉంటే ఎలాగో సమాధానం చెప్పుకునేదాన్ని. దీనికి చెప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

మీ అక్క